మేడమ్, కనపడతాండారు, వినపడ్లా

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు బెంగళూరు కసవనహళ్ళిలోని మా ఇంట్లో కర్ఫ్యూ మొదలవుతుంది. కుక్కర్ పెట్టకూడదు. మిక్సీ వెయ్యకూడదు. మా ఆయన బండి తాళాలు గాజు బల్ల మీద పడెయ్యకూడదు. పై అంతస్తులో ఎవరో ఏడాదిగా గోడలకు డ్రిల్లింగ్ చేస్తూనే ఉన్నారు, వాళ్ళకు మాత్రం చెప్పలేకపోతున్నా. పదింటికి కదిరి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతి పిల్లలు ముప్పై నాలుగు మంది గోడ మీది ప్యానెల్ తెర వైపు తిరిగి కూర్చుంటారు. నేను ఇక్కడి నుంచి వాళ్ళకు వీడియోలో ఫిజిక్స్ చెప్తాను. ఇది మూడో ఏడు.

"ఏ యాప్ వాడతారండీ?" అని లిఫ్టులో కనపడిన వాళ్ళు అడుగుతుంటారు. ఏ యాప్ అయినా ఒకటే. శనివారం ఆ నలభై నిమిషాలు ఎలా గడుస్తాయన్నది బుధవారమే తేలిపోతుంది. ఆ బుధవారం గురించి ఎవరూ అడగరు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మొదటి ఏడాది చేసిన నిర్వాకం ముందు చెప్పేస్తాను. మొదటి క్లాసుకు ముప్పై రెండు స్లైడ్లు తయారు చేశాను. బాణాలు ఎగిరొచ్చి కూర్చునే రకం. రెండు రాత్రులు పట్టింది. పదకొండో స్లైడ్ దగ్గర ఆగి "అర్థమైందా?" అన్నాను. ముప్పై నాలుగు మందీ ఒక్కసారిగా "అర్థమైంది మేడమ్" అన్నారు. అన్నారనే అనుకుంటున్నా. ఎందుకంటే నాకు వినిపించింది "అర్... మ్... డమ్" మాత్రమే. ఈ వీడియో కాల్ సాఫ్ట్‌వేర్లు ఒక మనిషి గొంతును పట్టుకుని, మిగతాదంతా రొద అనుకుని తీసేస్తాయి. మన బళ్ళలో జవాబు చెప్పడమంటేనేమో బృందగానం. సైన్సు సారు వెనక బెంచీలో కూర్చుని ఎఫ్‌ఏ పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. ఆయన్ని అనడానికి లేదు. ఆయన్ని ఏమైనా చెయ్యమని నేను అడిగానా? చుట్టమొచ్చి వంటిల్లంతా తనే సర్దేస్తుంటే ఇంటివాళ్ళు పక్కకు తప్పుకుంటారు కదా, అదీ సంగతి.

క్లాసు అయ్యాక సారుకు ఫోన్ చేసి "ఎలా ఉంది సార్?" అన్నాను. ఆయన మొహమాటంగా "బాగుండాది మేడమ్" అన్నారు. కాసేపు ఆగి ఇంకో మాట అన్నారు. "మీరేం చెప్తారో మీ ఇష్టం మేడమ్. ఆ టయానికి నేనేం చెయ్యాల్నో అది రాసి పంపించండి."

నిజానికి ఆయన చెప్పేదాకా నాకు తెలియకపోవడమే విడ్డూరం. నేను ఈ రకం క్లాసులో అవతలి వైపు కూర్చుని వచ్చినదాన్నే. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ మీద ఎడ్యుశాట్ పైకి వెళ్ళింది, చదువు చెప్పడానికంటూ మన దేశం పంపిన మొదటి ఉపగ్రహం. కర్ణాటక ఇంజినీరింగ్ కాలేజీలు దాన్ని అందరికన్నా ముందు వాడుకున్న వాటిలో ఉన్నాయి. నేను అప్పుడే బెంగళూరు శివార్లలో ఒక కాలేజీలో చేరాను. మేడ మీద డిష్, సెమినార్ హాల్లో పెద్ద తెర. ఎక్కడో స్టూడియోలో కూర్చున్న ప్రొఫెసరు మంచి పాఠమే చెప్పేవారు. తెర కనపడాలని హాల్లో లైట్లు తీసేసేవాళ్ళు, ఆ చీకట్లో మేం హాయిగా నిద్రపోయేవాళ్ళం.

చివర్లో ఆయన "ఏమైనా ప్రశ్నలున్నాయా?" అని అడిగేవారు. ఉపగ్రహం ఉండేది సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో. మాట పైకి వెళ్ళి కిందికి దిగడానికి పావు సెకను, మా జవాబు అదే దారిలో తిరిగి వెళ్ళడానికి ఇంకో పావు సెకను. ఆ పైన మాలో ఒకడు మైకు వెతుక్కోవాలి, మైకు స్విచ్ వెతుక్కోవాలి. ఈలోపు ఆయన "లేవా? సరే మంచిది" అని సెలవు తీసుకునేవారు. మా ప్రశ్న ఇంకా దారిలో ఉండేది.

తర్వాత పన్నెండేళ్ళు ఇదే ఊళ్ళో వీడియో కాన్ఫరెన్స్ పెట్టెల టెస్టింగ్ చేశాను. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం యూనియన్ సిఫార్సు. అది మాకు బట్టీ. ఒక మిల్లీసెకను తగ్గించడానికి ఇంజినీర్లు వారాల తరబడి కొట్టుకునేవాళ్ళు. తీరా పల్లెటూరి క్లాసులోకి వెళ్ళి చూస్తే మిల్లీసెకన్లతో పనే లేదు, అక్కడ మౌనం లెక్క సెకన్లలో. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే టీచర్లను గమనించి చెప్పింది. ప్రశ్న వేశాక టీచరు సగటున ఒక్క సెకను ఆగుతారట. అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, మామూలుగా నోరు విప్పని వాళ్ళు కూడా విప్పుతారు. అది ఎదురుగా ఉన్న క్లాసు సంగతి. వీడియోలో మూడు చాలదు. ప్రశ్న వేశాక నేను మనసులో "కదిరి లక్ష్మీనరసింహస్వామీ" అని మెల్లగా నాలుగుసార్లు అనుకుంటాను. నాలుగోసారికి ఎవరో ఒకరు లేస్తారు. స్వామి మహిమ అనుకున్నా సరే.

ఏటా జూన్‌లో బడి తెరిచాక ఒక రోజు ఇక్కడి బస్టాండు మెజెస్టిక్‌లో బస్సెక్కి వెళ్ళొస్తాను. బాగేపల్లి దాటిందంటే మాటలో యాస మారిపోతుంది, నాది కూడా. ఆ రోజు పాఠం చెప్పను. గది చూసుకుంటాను.

గదిలో ప్రభుత్వ బళ్ళను బాగుచేసే నాడు-నేడు పథకం కింద వచ్చిన ఐఎఫ్‌పీ ప్యానెల్, అంటే టచ్ తెర, ఉంది. పెద్దది, బాగానే పనిచేస్తుంది. మొదట్లో సారు తన ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి దాని కెమెరా వాడారు. నాకు కనిపించింది సీలింగ్ ఫ్యాను, మూడు నడినెత్తులు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక వెబ్‌క్యామ్, అయిదు మీటర్ల యూఎస్‌బీ తీగ కొని పట్టుకెళ్ళాను. అందంగా ఉంటుందని కిటికీ పక్కన బిగించాం. పిల్లలు ప్యానెల్లో నన్ను చూస్తుంటే నాకు వాళ్ళ చెవులు కనపడేవి. నెల రోజులు ముప్పై నాలుగు జతల చెవులకు పాఠం చెప్పాను. చివరికి కెమెరా తీసి ప్యానెల్ పైఅంచునే, సరిగ్గా నడిమధ్యన అతికించాం. పిల్లలు ఎక్కడ చూస్తారో కన్ను అక్కడ ఉండాలి. ఆ రోజు తలలెత్తి నావైపు చూసిన మొహాలు ఇంకా గుర్తున్నాయి. ముందు బెంచీలో పిల్లకు కుడి కనుబొమ మీద మచ్చ ఉందని కూడా అప్పుడే తెలిసింది.

ఇంకో తమాషా. చిత్రం మీద నల్లటి పట్టీలు పైనుంచి కిందికి జారుతుండేవి. కెమెరా పాడైందని సారు, నెట్ స్లోగా ఉందని హెడ్మాస్టరు. రెండూ కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభై ఊపులు, ఆ కెమెరా ఫ్యాక్టరీ నుంచి 60కి సెట్ అయి వచ్చింది. ట్యూబులైటు మినుకుకూ దాని లెక్కకూ పొత్తు కుదరలేదు. సెట్టింగ్స్‌లో 60ని 50 చేస్తే పోయింది. పన్నెండేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నది అక్కరకొచ్చిన ఏకైక సందర్భం ఇదేనని మా ఆయన అంటాడు.

మైకు కథ మాత్రం పెద్దది. ప్యానెల్ దగ్గర ఒక్కటే మైకు. వెనక బెంచీ పిల్ల మాట్లాడాలంటే లేచి అందరి ముందూ నడిచి రావాలి. పదిహేనేళ్ళ ఆడపిల్ల అలా వస్తుందా? రాదు. సారు సెల్‌ఫోన్‌ను రెండో మనిషిలా అదే మీటింగులో చేర్చి, బెంచీల మధ్య చేతులు మారుద్దాం అన్నాను. మొదటి రోజు గుంయ్ మని ఒక కూత వచ్చింది, బయట మధ్యాహ్న భోజనం వండే అక్క గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. ఒకే గదిలో రెండు స్పీకర్లు, రెండు మైకులు తెరిస్తే అంతే మరి. ఇప్పుడు ఫోన్ సౌండు సున్నా. నేను మాట్లాడేటప్పుడు ఫోన్ మైకు మ్యూట్. పిల్ల మాట్లాడేటప్పుడు ఫోన్ మైకు తెరిచి ప్యానెల్ మైకు మూసేయాలి. ఈ మీటలు నొక్కే పని సారు చూసుకోలేరు. రెండో బెంచీలో ఇద్దరు అమ్మాయిలకు అప్పగించారు. టెలివిజన్ కేంద్రంలో కూడా అంత జాగ్రత్తగా నొక్కుతారో లేదో.

ఇక పిల్లల సంగతి. ఏటా మొదటి కాల్‌లో పాఠం ఉండదు. పేరు, ఊరు, ఇంట్లో ఏముందో ఒక్కటి చెప్పమంటాను. మేక, బోరు, టీవీఎస్ బండి, కొత్తగా పుట్టిన తమ్ముడు. అసలు పని ఏంటంటే, వాళ్ళు తెర మీద తమ మొహాలు చూసుకుని నవ్వుకోవాలి. జుట్టు సర్దుకోవాలి. ఒకడి తల వెనక ఇంకొకడు కొమ్ములు పెట్టాలి. ఇదంతా ఆ రోజే అయిపోవాలి. నవ్వొద్దని చెప్తే అది ఏడాదంతా మిగిలిపోతుంది. ఒక ఇరవై నిమిషాలు వదిలేస్తే దానంతటదే తగ్గుతుంది, తర్వాత సారు తెరలో వాళ్ళ బొమ్మ దాచేస్తారు.

రెండో కాల్‌లో జవాబు ఎలా ముగించాలో నేర్పుతాం. మామూలుగా పిల్లలు ఒక మాట చెప్పి ఆగుతారు. అయిపోయిందో, ఆలోచిస్తున్నారో, నెట్ ఆగిందో నాకు తెలియదు. నేను అందుకోగానే అటు నుంచి మిగతా సగం వస్తుంది, ఇద్దరం ఒకరి మీద ఒకరు పడతాం. అందుకని చెప్పడం అయిపోగానే "అంతే మేడమ్" అనాలి. పోలీసుల వాకీటాకీలో "ఓవర్" అన్నట్టు. ఇది ఎంత పాకిందంటే, ఇప్పుడు తెలుగు మేడమ్ క్లాసులో పద్యం అప్పజెప్పి కూడా "అంతే మేడమ్" అంటున్నారట. ఒకడు ఇంట్లో వాళ్ళ నాయనతో డబ్బులడిగి "అంతే నాయనా" అన్నాడని సారు నవ్వుతూ చెప్పారు.

"అర్థమైందా" అనే ప్రశ్నను నాకు నేనే నిషేధించుకున్నాను. దానికి బదులు పరీక్ష అట్టలు వాడుతున్నాం. ముందు పలకలు తెప్పిద్దామన్నాను. "మేమేమన్నా ఒగటో తరగతా మేడమ్?" అని పిల్లలు నొచ్చుకున్నారు. సరే, పరీక్ష అట్టకు తెల్ల కాగితం క్లిప్పు పెట్టి, స్కెచ్ పెన్నుతో జవాబు ఒక్క అక్షరంలో రాసి, నేను "చూపించండి" అనగానే అందరూ ఒకేసారి ఎత్తాలి. ముప్పై నాలుగు అట్టలు ఒక్క చూపులో కనపడతాయి. అందరూ "అ" రాసి ఒకడు "ఇ" రాస్తే ఊరికే దాటిపోతాను. సగం సగం చీలితే పాఠం అక్కడే ఆగుతుంది. అలా చీలిన రోజే మంచి రోజు.

దీన్లోనూ ఒక ముచ్చట. మన బొమ్మ మనకు అద్దంలో లాగా తిరగబడి కనపడుతుంది, అవతలి వాళ్ళకు మాత్రం సరిగ్గానే కనపడుతుంది. సొంత బొమ్మ దాచడం సారు మరిచిపోయిన ఒక రోజు, మూడో బెంచీ పిల్లవాడు ప్యానెల్లో తన అక్షరాలు తిరగబడ్డాయని చూసి, నాకు చదవడం కష్టమని పాపం కాగితం మీదే తిప్పి రాశాడు. నేను తల ఎటు వంచినా చదవలేకపోయాను. "కాంతి పాఠం కదా మేడమ్, రాబోయే క్లాసుకు పనికొస్తాది" అన్నారు సారు. పనికొచ్చింది కూడా, దర్పణాల పాఠం ఆ కాగితంతోనే మొదలుపెట్టాం.

బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు సారుకు ఫోన్. ఇరవై నిమిషాలు. ఒక పేజీ కాగితం ముందే వాట్సాప్‌లో వెళ్ళి ఉంటుంది. అందులో నేను చెప్పే పాఠం ఉండదు, సారు చేసే పని ఉంటుంది. పది గంటల పది నిమిషాలకు గిన్నెలు పంచాలి. పావుకు ఏడు గుంపుల దగ్గరా తిరిగి చూడాలి. ఇరవైకి వెనక బెంచీ వాళ్ళను అడగమని నాకు గుర్తు చెయ్యాలి, ఎందుకంటే నేను ముందు బెంచీల మోహంలో పడిపోతాను. కింద ఎప్పుడూ ఒకే వాక్యం రాస్తాను: లైన్ తెగితే నా కోసం ఆగకండి, కాగితంలో తర్వాతి పని చేయించండి. మొదట్లో దీన్ని ఆయన మర్యాదగా పక్కన పెట్టేవారు. లైన్ తెగితే పిల్లలు నోట్సు రాసుకుంటూ కూర్చునేవాళ్ళు, "మేడమ్ వచ్చేదాకా" అని.

ఈ కాగితం రాయడం పాఠం చెప్పడం కన్నా కష్టం. ఆయన బడిలో ఆయనకు ఏం చెయ్యాలో రాసివ్వడమంటే ఎలా ఉంటుంది చెప్పండి. అందుకే ఫోన్లో సగం కొట్టేస్తారు. "ఏడు గుంపులు వద్దు మేడమ్, ఆ ఇద్దర్నీ ఒకచోట ఏస్తే కొట్టుకుంటారు." నేను దిద్దుకుంటాను.

శుక్రవారం అత్తమ్మ వంతు. మాది నెల్లూరు వైపు అత్తగారిల్లు. ఆమెను పడగ్గదిలో కూర్చోబెట్టి, వైఫై తీసేసి, మొబైల్ డేటా మీద చిన్న ఫోన్లో నా క్లాసు చూడమంటాను. ఈమెకు కనపడి వినపడితే కదిరిలో అందరికీ కనపడి వినపడినట్టే. "ఏందమ్మాయ్ ఇది, చీమల బారు మాదిరి రాసుండావు" అంటుంది. దానితో ఒక కాగితం మీద నాలుగు మాటలకు మించి రాయడం మానేశాను. "నువ్వు బొమ్మ గీసేటప్పుడు నీ చెయ్యే కనపడతా ఉంది గానీ బొమ్మ కనపళ్ళేదు" అంది ఇంకోసారి. గీయడం, చెయ్యి తియ్యడం, ఆగడం, తర్వాత మాట్లాడటం, ఇది ఆమె నేర్పిందే. స్లైడ్లు ఇప్పుడు రెండు, మూడు. ఒక్కోసారి అవి కూడా లేవు.

పోయిన నెల వక్రీభవనం. గిన్నెలో నాణెం ప్రయోగం మీకందరికీ తెలిసే ఉంటుంది. స్టీలు గిన్నె అడుగున రూపాయి పెట్టి, అది అంచు వెనక దాగేదాకా మనం వెనక్కి జరగాలి. తల కదపకుండా ఉంటే, ఇంకొకరు నీళ్ళు పోస్తారు. రూపాయి పైకి తేలినట్టు కనపడుతుంది. నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగుతుంది, నిటారుగా పై నుంచి చూసినా నీటి లోతు ఉన్నదానిలో ముప్పాతికే అనిపిస్తుంది. మొదటి ఏడు దీన్ని నా కెమెరా ముందే చేసి చూపించాను. చక్కగా వచ్చింది. వెనక నుంచి ఒక గొంతు: "మేడమ్ కెమెరా కదిలించినారు." అంతే, క్లాసంతా వాడి పక్షం. తెర మీద చూసినదాన్ని వాళ్ళు నమ్మరు, సినిమాలు చూసి పెరిగిన పిల్లలు మరి. ఇది ఎవరి కన్నుతో వాళ్ళు చూడాల్సిందే.

అందుకని ఈసారి గిన్నెలు వాళ్ళ దగ్గర. ఏడు స్టీలు గిన్నెలు, గాజువి పనికిరావు. ఏడు రూపాయి బిళ్ళలు. చెంబులతో నీళ్ళు. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: నీళ్ళు పోస్తే ఏమవుతుంది? అ, ఏమీ కాదు. ఇ, కనపడుతుంది. అట్టలు లేచాయి. సరిగ్గా సగం సగం. నాకు ఎంత సంతోషమో. "సరే, సార్ నీళ్ళు..." అన్నాను, అంతలో తెర నల్లబడింది. అటు కరెంటు పోయింది.

ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఇరవై రెండు నిమిషాలు ఖాళీ తెర ముందు కూర్చున్నా. వచ్చిన తర్వాత ఎక్కడి నుంచి అందుకోవాలో కాగితం మీద రాసుకున్నా, కొట్టేసుకున్నా.

కరెంటు వచ్చింది, ప్యానెల్ వెలిగింది. బెంచీలన్నీ పక్కకు జరిగి ఉన్నాయి. ఎవరూ తెర వైపు లేరు. నేల మీద గిన్నెల చుట్టూ గుంపులు, గచ్చంతా నీళ్ళు. సారు ప్యాంటు మడిచి గొంతుక్కూర్చుని, "తల కదిలించినావు, నేను చూసినాలే, మళ్ళా పొయ్యి" అంటున్నారు. కనుబొమ మీద మచ్చ ఉన్న పిల్ల ఇంకో గుంపుతో వాదిస్తోంది, రూపాయి లేవలేదు, లేచినట్టు కనపడింది అంతే అని. మీటల అమ్మాయి ఒక్కతే తిరిగి చూసింది.

"సార్, మేడమ్ వచ్చినారు."

"కూర్చోమను, వీళ్ళది అయిపోనీ" అన్నారు ఆయన, తల తిప్పకుండానే.

నేను మైకు మ్యూట్‌లోనే ఉంచి, అత్తమ్మను పిలిచి చూపించాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఒక నిమిషం చూసి, "అయితే ఈ పూట నీకేం పని లేదన్నమాట. ఇడ్లీకి పప్పు నానుంది, రుబ్బుతావా?" అంది.